పక్క గూటి పాలు

తెల్లవారుజామున నాలుగింటికి నాయన తలుపు తట్టాడు. "పాపా, బూడిదది పొయ్యింది. వచ్చి ఒక చెయ్యి వెయ్యి" అన్నాడు. అది 2007 డిసెంబరు. దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉండే మదనపల్లెలో ఆ నెలలో, ఆ వేళకు దుప్పటి తీయడమంటే బావిలో దూకినంత పని. శాలువా చుట్టుకుని పెరట్లోని రేకుల షెడ్డుకు వెళ్ళాను.

ముందురోజు సాయంత్రమే బెంగళూరు నుంచి బస్సు దిగాను. నిజం చెప్పాలంటే పోట్లాడ్డానికి వచ్చాను. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తడానికి ధైర్యం చాలక, పొద్దున చూద్దాంలే అని పడుకున్నాను. పొద్దు ఇలా మొదలైంది.

నాయన కుందేళ్ళకు పేర్లు పెట్టడు. అమ్మేవాటికి పేర్లెందుకు అంటాడు. పంజరాలకు నంబర్లుంటాయి, అంతే. 30 ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. కానీ ఈ ఒక్కదాన్ని మాత్రం నంబరుతో పిలవగా నేను వినలేదు. బూడిదది అంటే బూడిదదే.

దాని కథ కొంచెం చెప్పాలి. 2004లో నాయన రిటైరయ్యాడు. ఆ రోజుల్లో మా వైపు కుందేళ్ళ పెంపకం మీద ఒక గాలి వీచింది. ఏడు ఆడవి, మూడు మగవి కలిపితే ఒక యూనిట్. యూనిట్ కొంటే చాలు, పిల్లల్ని తూకం లెక్కన మేమే తిరిగి కొంటామని ఒక కంపెనీ వాళ్ళు వచ్చి పత్రం రాసిచ్చారు. నాయన 60 వేలు పెట్టి షెడ్డు వేసి, తెల్లటి న్యూజిలాండ్ వైట్ కుందేళ్ళను దించుకున్నాడు. ఏడాదిపాటు కొన్నారు. 2006లో ఒక సోమవారం ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. వెళ్ళి చూస్తే ఆఫీసుకు తాళం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాళ్ళను చూశాం గానీ, కాళ్ళే లేని కుందేటిని అమ్మినవాళ్ళను అప్పుడే చూశామని అమ్మ ఇప్పటికీ అంటుంది.

యూనిట్లు కొన్న మిగతావాళ్ళు వచ్చిన ధరకు వదిలించుకున్నారు. నాయన మాత్రం రైలెక్కి, బస్సులు మారి, కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరుకు వెళ్ళాడు. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు అక్కడ ప్రాంతీయ కేంద్రం ఉంది. మేలుజాతి కుందేళ్ళను పెంచి రైతులకు ఇస్తారు. అక్కడినుంచి సోవియట్ చించిల్లా జాతివి ఒక ఆడదాన్ని, ఒక మగదాన్ని బుట్టలో పెట్టుకుని తెచ్చాడు. మునిగిన వ్యాపారాన్ని సొంత డబ్బుతో మళ్ళీ మొదలుపెట్టడం పంతమో, లెక్క తేలేదాకా వదలని మాస్టారి మొండితనమో నాకు తెలియదు. ఆ ఆడదే బూడిదది.

బల్బు వెలుగులో అది ఒక పక్కకు ఒరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్కన చెక్కపెట్టెలో కొబ్బరిపీచు మీద, తన పొట్టనుంచి పీక్కున్న బొచ్చును మెత్తగా పరిచింది. అందులో నాలుగు పిల్లల్ని పెట్టుకుని పైన కూడా బొచ్చు కప్పింది. మిగతా మూడు పెట్టె బయట, వైరు మెష్ మీద పడి ఉన్నాయి. పిల్లిలాగా, కుక్కలాగా కుందేలు పిల్లను నోట కరచుకుని తెచ్చి గూట్లో పెట్టుకోదు. బయట పడ్డది బయటే.

అప్పుడే పుట్టిన కుందేలుపిల్లను చూడనివాళ్ళు దాన్ని ముద్దుగా ఊహించుకుంటారు. అది చిన్న వంకాయంత ఉంటుంది, 50 గ్రాములు. ఒంటిమీద వెంట్రుక ఉండదు. కళ్ళు మూసుకుని, చెవులు తలకు అతుక్కుని ఉంటాయి. మన అడవుల్లో తిరిగే కుందేలు వేరు. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి, దానికి గూడూ ఉండదు. మనం రెంటినీ ఒకే మాటతో పిలుస్తాం కాబట్టి తికమక. మా వీధిలోవాళ్ళు ఈ పెంపుడువాటిని కూడా చెవులపిల్లులే అనేవారు. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి కుందేళ్ళ వేట నేరం కదా, మాస్టారిని ఫారెస్టువాళ్ళు పట్టుకుపోతారేమో అని కొన్నాళ్ళు గుసగుసలాడారు కూడా.

నాయన రెండు పిల్లల్ని బనియన్ లోపల వేసుకుని, మూడోదాన్ని నా అరచేతిలో పెట్టాడు. రాయిలా చల్లగా ఉంది. "ఇది పొయ్యింది నాయనా" అన్నాను. "చల్లబడింది పోయినట్టు కాదు. వెచ్చబడినాక కూడా కదలకపోతే అప్పుడు పోయినట్టు" అన్నాడు. అమ్మ వేడినీళ్ళ సంచిని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. అరగంటసేపు ముగ్గురం ఆ షెడ్డులో మాటల్లేకుండా కూర్చున్నాం. నా చేతిలోది కదిలింది. వేళ్ళ సందుల్లో ముట్టెతో పొడిచింది, దేనికోసమో వెతుకుతున్నట్టు. నాయన బనియన్లోంచి ఒకటి ఇక కదలలేదు. దాన్ని తీసి గోడ పక్కన పెట్టి, "ఆరు" అన్నాడు.

ఆరింటికి పాలెవరు ఇవ్వాలి? ఆవుపాలు పట్టి చూద్దామన్నాను. కుదరదన్నాడు. కుందేలు పాలు చాలా చిక్కన, కొవ్వూ మాంసకృత్తులూ ఆవుపాలకంటే మూడింతలకు పైమాటే. పైగా ఫిల్లరుతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చేవే ఎక్కువ. "పక్క గూటికి పంపాలి" అన్నాడు.

దీనికి ఆయన ముందే ఏర్పాటు చేసుకుని ఉన్నాడని నాకప్పుడు తెలిసింది. ఆవుకో మేకకో ఉన్నట్టు కుందేలుకు ఇన్నాళ్ళకొకసారి ఎదకు రావడమంటూ ఉండదు. మగదానితో కలిసిన తర్వాతే అండం విడుదలవుతుంది. అక్కడినుంచి 31 రోజులు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. అంటే ఈనే రోజును మనం దాదాపుగా నిర్ణయించుకోవచ్చు. కాబట్టి తెలిసినవాళ్ళు ఎప్పుడూ ఒకే రోజున కనీసం రెండింటిని దాటిస్తారు. ఒకదానికి ఏదన్నా అయితే రెండోదాని గూడు ఉంటుంది. బూడిదదానితోపాటు దాటించిన మూడో నంబరు తెల్లది ముందురోజు సాయంత్రమే ఈని, ఐదు పిల్లలతో ఉంది. ఐదో నంబరు అంతకు నాలుగు రోజుల ముందే ఈనింది. దానికి ఆరు.

కుందేలుకు సాధారణంగా ఎనిమిది చన్నులు. నాయన చాక్‌పీసుతో షెడ్డు గోడమీద లెక్క వేశాడు. మూడో నంబరు దగ్గర మూడు ఖాళీలు, ఐదో నంబరు దగ్గర రెండు. ఒకటి మిగిలింది. ఐదో నంబరు పిల్లలతో వయసు తేడా నాలుగు రోజులు, అది ఆయనకు నచ్చలేదు. తేడా రెండు మూడు రోజులు దాటకూడదు. వారానికి పుట్టుక బరువుకు రెట్టింపయ్యే ప్రాణాలవి. నాలుగు రోజుల పిల్ల పక్కన ఈపూట పిల్ల తోపులాటలో నిలవదు. "పెద్దవి రెండింటిని అక్కడికి పంపుదాం. అన్నింటికంటే చిన్నదాన్ని మూడో నంబరు దగ్గరే తొమ్మిదోదిగా పెడదాం" అన్నాడు.

ఆ చిన్నది నా చేతిలో కదిలినదే.

తల్లిని పంజరంలోంచి తీసి దూరంగా లూసర్న్ గడ్డి వేసి పెట్టాడు. దాని గూట్లోని బొచ్చు పిడికెడు తీసి, కొత్తపిల్లల్ని ఆ బొచ్చుతో మెల్లిగా రుద్దాడు. వాటిని గూడు అడుక్కు, సొంతపిల్లల మధ్యకు దూర్చి, పైన బొచ్చు కప్పాడు. వాసనలు కలవాలి కదా, సాయంత్రందాకా అలాగే ఉంచాడు. పాత గూటి బొచ్చు పూర్తిగా తీసెయ్యాలని ఆయన నోటుబుక్కులోనే రాసి ఉంది. కానీ బూడిదదాని బొచ్చు పిడికెడు తీసి, తెల్లదాని పెట్టెలో అట్టడుగున పరవడం నేను చూశాను. అదేంటన్నాను. "చలికి" అన్నాడు.

పగలంతా నేను తెచ్చిన మాట నా దగ్గరే ఉండిపోయింది. ఆ మాటేమిటంటే, నేనూ మా ఆయనా ఒక బిడ్డను దత్తత తీసుకోవాలనుకున్నాం. పెళ్ళై తొమ్మిదేళ్ళు. ఆసుపత్రులు చాలనిపించాయి. మా అత్తగారు ఒప్పుకోరనుకుంటే, రెండు రోజులు ఏడ్చి మూడో రోజు ఉయ్యాల ఎక్కడ కొందామని అడిగింది. కాదన్నది నాయన. "ఇంకొకరి బిడ్డను తెచ్చుకోవడం మాటలు కాదు. బాగా ఆలోచించుకోండి" అని ఫోను పెట్టేశాడు. తర్వాత నెలరోజులు ఆ ఊసే ఎత్తలేదు.

వేరే ఎవరన్నా అని ఉంటే ఇంత మండేది కాదు. నాయన దత్తు పోయినవాడు. 1952లో, ఆరేళ్ళప్పుడు, పిల్లల్లేని సొంత పెద్దమ్మకు ఆయన్ను ఇచ్చారు. ఆ రోజునుంచి పెద్దమ్మ అమ్మయింది, కన్నతల్లి చిన్నమ్మయింది. నేను అవ్వ అని పిలిచింది పెంచినావిడను. కన్నావిడ మాకు చిన్నవ్వ. పండగలకు వచ్చేది, నాయనకు కొసరి కొసరి వడ్డించేది, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది. పొలం వచ్చింది, చదువు వచ్చింది, పెద్దమ్మ ప్రాణంగా చూసుకుంది. ఇక ఈయనకు ఏం లోటైందని నా బిడ్డను వద్దంటున్నాడు? ఆ ప్రశ్న వెయ్యడానికే బస్సెక్కాను.

సాయంత్రం ఏడింటికి తల్లిని తిరిగి వదిలే ముందు, నాయన దాని ముక్కుమీద రవ్వంత విక్స్ రాశాడు. కాసేపు దానికి వేరే వాసన తెలియకుండా. తెల్లది తల విదిల్చింది, పెట్టె అంచున ముందుకాళ్ళు పెట్టి మూచూసింది, తుమ్మింది. నాయన ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. అది లోపలికి దూకి పిల్లలమీద కదలకుండా నిలబడింది.

అమ్మకు ఈ జంతువంటే మొదటినుంచీ ఒక కోపం. కుందేలు రోజుకు ఒక్కసారే పాలిస్తుంది, అదీ మూడు నాలుగు నిమిషాలు. మిగతా రోజంతా గూటివైపే చూడదు. అడవిలో తల్లి గూటి చుట్టూ తిరిగితే నక్కకు దారి చూపినట్టే కదా, అందుకని. "ఇదేం తల్లో" అనేది అమ్మ. ఆ సాయంత్రం మాత్రం ఆ మూడు నిమిషాలూ ఆమె కూడా పంజరం పట్టుకుని నిలబడింది. సొంతపిల్లలు గులాబిరంగు. బూడిదదాని పిల్లలు పుట్టుకతోనే పలకరంగు. ఎవరివి ఎవరో మాకు స్పష్టంగా కనబడుతోంది. పై నుంచి నిలబడ్డదానికి అక్కర్లేదు. తల్లి దిగిపోయాక నాయన ఒక్కొక్కదాన్నీ తీసి చూశాడు. పాలు తాగిన పిల్లకు పొట్ట గుండ్రంగా ఉబ్బి, పల్చటి చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తాయి. నల్లవాటికి కనిపించవు, వేలితో తడిమి చూడాలి. "తాగినాయి" అన్నాడు. చిన్నదాని దగ్గర వేలు కొంచెంసేపు ఆగింది. "ఇది సగం."

ఐదో నంబరు పాలివ్వడానికి ఇంకా తొందరపడలేదు. దానికోసం కాచుకుని గోనెసంచి మీద కూర్చున్నాం. వయసు తేడా సంగతి నేను మళ్ళీ అడిగాను. నాలుగు రోజులకే ఇంత భయమా అని.

నాయన వెంటనే బదులు చెప్పలేదు. తర్వాత, షెడ్డు కప్పువైపు చూస్తూ చెప్పాడు. పెద్దమ్మ ఊరికి ఎడ్లబండిలో ఒక పూట ప్రయాణం. వెళ్ళేటప్పుడు చిన్నవ్వ తన పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి ఆయన వెంట పంపింది. మొదటి రాత్రి అది కప్పుకునే పడుకున్నాడు. మర్నాడు పొద్దున పెద్దమ్మ ఆ బొంతను శుభ్రంగా కుంకుడురసంలో ఉతికి ఎండకు వేసింది. "ఆమె మంచికే చేసింది. మురికిగా ఉండాది అది" అన్నాడు. "రాత్రి కప్పుకుంటే ఎండ వాసన వచ్చింది. అప్పుడు ఏడ్చినా. బండెక్కేటప్పుడు ఏడవలేదు, అప్పుడు ఏడ్చినా. బొంతను ఉతికినందుకు ఏడుస్తున్నాడని ఇంట్లో అందరూ నవ్వినారు."

61 ఏళ్ళ మనిషి. ఈ సంగతి అమ్మకు కూడా తెలియదని ఆమె మొహం చూస్తే అర్థమైంది.

ఇక నేను పోట్లాడలేదు. ఐదో నంబరు ఎనిమిదిన్నరకు పెట్టెలోకి దిగింది. లేచి బట్టలు దులుపుకుంటూ నాయన అడిగాడు: "మీరు అడిగింది ఎంత వయసు బిడ్డను?"

"నెలల పిల్లను నాయనా."

"నెలలంటే ఎన్ని?"

ఎన్ని దొరికితే అన్ని అన్నాను. సరేనన్నాడో లేదో నాకు తెలియలేదు.

సెలవు ఇంకో మూడు రోజులు పొడిగించి అక్కడే ఉన్నాను. చిన్నదానికోసం నాయన ఒక పద్ధతి పెట్టాడు. పెట్టెను పంజరంలోంచి తీసి వేరుగా ఉంచి, సాయంత్రం పాలవేళకు తల్లినే పెట్టె దగ్గరికి తెచ్చేవాడు. మొదటి నిమిషం కింద చిన్నది ఒక్కటే ఉండేది, తర్వాత మిగతా ఎనిమిదింటినీ వదిలేవాడు. మూడో రోజున ఐదో నంబరు గూట్లో మా రెండింటిలో ఒకటి పోయింది. పొట్ట లోపలికి అతుక్కుపోయి ఉంది. చుట్టూ ఉన్న తెల్లవి గుమ్మడికాయల్లా ఉన్నాయి. నాయన తిట్టుకున్నాడు, తల్లిని కాదు, తనను. తెలిసి తెలిసి నాలుగు రోజుల తేడాతో పెట్టానని.

చిన్నది తొమ్మిదో రోజున పోయిందట. ఫోన్లో చెప్పాడు. పదో రోజుకో, పన్నెండో రోజుకో కళ్ళు తెరుస్తాయి. దానికి ఇంకా తెరుచుకోలేదు. ఆ వార్త విన్నప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ఒక కుందేలుపిల్లకోసం బాత్రూమ్‌లో ఏడ్చి వచ్చానని ఎవరికి చెప్పను? మిగతా నాలుగూ బతికాయి. బొచ్చు వచ్చాక, తెల్లవాటి మధ్య బూడిద చుక్కల్లా తిరిగేవట. నోటుబుక్కులో నాయన రాసుకున్నది నేను తర్వాత చూశాను: "7లో 4. నూటికి 57. ఫస్ట్ క్లాసుకు మూడు మార్కులు తక్కువ."

ఆ నాలుగింటిలో మూడింటిని మూడు నెలలకు తూకానికి అమ్మేశాడు. ఇది దాచి రాయడం నాకిష్టం లేదు. బనియన్లో పెట్టుకుని బతికించింది కోతకు పంపడానికేనా అని అమ్మ అననే అంది. బతికించడం వేరు లెక్క, అమ్మడం వేరు లెక్క అన్నాడు. నాకు ఆ జవాబు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. నాలుగోది ఆడది. దాన్ని ఉంచుకున్నాడు. 2011లో షెడ్డు ఎత్తేసేదాకా అది ఉంది. దాన్ని కూడా బూడిదది అనే పిలిచాడు.

చాలాకాలం తర్వాత ఎక్కడో చదివాను. 2003లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఒక సంగతి బయటపెట్టారు. కుందేలు పాలలో ఒక వాసన పదార్థం ఉంటుంది, పిల్లలు దాన్ని పసిగట్టే గుడ్డిగా చన్ను వెతుక్కుంటాయి. అది ఏ ఒక్క తల్లిదో కాదు, పాలిచ్చే ఏ కుందేలుకైనా అదే వాసన. ఇంకొకటి, పందిపిల్లలు పుట్టిన కొద్ది రోజులకే తలా ఒక చన్నును సొంతం చేసుకుని దానికోసం కొట్లాడుకుంటాయి. కుందేలుపిల్లలకు ఆ పట్టింపు లేదు, మూడు నిమిషాల్లోనే ఒకదానినుంచి ఇంకోదానికి మారుతూ తాగుతాయి. అందుకే పరాయి గూట్లో అంత తేలిగ్గా కలిసిపోతాయి. ఇదంతా ఉత్సాహంగా నాయనకు వినిపించాను. అంటే విక్స్ అక్కర్లేదేమో, బొచ్చుతో రుద్దే పని కూడా లేదేమో అన్నాను.

"అది పాలు తాగడం సంగతి" అన్నాడు. మళ్ళీ పేపర్లో తల దూర్చేశాడు.

2008 ఆగస్టులో మా పాప ఇంటికి వచ్చింది. అప్పటికి నాలుగు నెలల పిల్ల. (ఇదంతా రాయడానికి తన అనుమతి తీసుకున్నాను. తాతను మరీ మంచివాడిగా రాయొద్దన్న షరతు మీద ఇచ్చింది.) శిశుగృహంలో ఆయమ్మ ఒక పాత పూలగుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. ఆ గుడ్డకు పాలవాసన, కొబ్బరినూనె వాసన, ఇంకా ఏదో పొగ వాసన.

మర్నాడు పొద్దున నాయన ఫోన్ చేశాడు. పాలు తాగుతోందా, రోజుకు ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎంత, బరువెంత, అన్నీ అంకెలే అడిగాడు. చెప్పాను. తర్వాత కాసేపు అటునుంచి మాట లేదు. లైను కట్టయిందనుకున్నాను.

"దాంతో ఏమన్నా గుడ్డ వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది నాయనా."

"దాన్ని ఉతకద్దు. కొన్నాళ్ళు బిడ్డ పక్కలోనే పెట్టు."

నేను నిలబడ్డ చోటునుంచి బాత్రూమ్‌లో బకెట్టు కనబడుతూనే ఉంది. డెట్టాల్ వేసి రాత్రే నానబెట్టేశాను.

"ఉతకలేదు నాయనా" అన్నాను.

ఆయన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు. ఈ పత్రిక రాగానే అట్టనుంచి అట్టదాకా చదువుతాడు.